అందరికీ ఐదు మార్కులు

ఈ సంగతి ఎవరికి చెప్పినా "అందులో నీ తప్పేముంది?" అంటారు. లేదని నాకూ తెలుసు. ఉంటే ఒకసారి ఏడ్చి, క్షమించమని అడిగి, మనసులోంచి దించేసుకునేదాన్ని. లేకపోబట్టే, ఇన్నేళ్ళయినా పంజాగుట్ట చౌరస్తా దాటుతుంటే లోపల కలుక్కుమంటుంది.

మా ఆఫీసు ఆ చౌరస్తాకి దగ్గర్లోనే ఉండేది. కింద చీరల షాపు, దాని మీద చిట్‌ఫండ్ కంపెనీ, ఆ పైన మేము. లిఫ్టు ఉంది గానీ అది చీరల షాపు వాళ్ళు పెట్టించుకున్నది, వాళ్ళ కస్టమర్లు ఎక్కాక చోటుంటే మాకు. బయటివాళ్ళకి మాది సాఫ్ట్‌వేర్ కంపెనీ. లోపలికొస్తే ఇరుకు హాలు, గోడవార కంప్యూటర్లు, చల్లగాలి కంటే చప్పుడెక్కువ చేసే ఏసీ. అయినా తెనాలి వైపు నుంచి వచ్చి, అమీర్‌పేటలో కోర్సు చేసి, హాస్టల్లో నీళ్ళచారుతో బతుకుతున్న నాకు అది స్వర్గమే. వై2కె గోల అయిపోయింది, ఆ తర్వాత అమెరికాలో కంపెనీలు పడిపోవడమూ అయిపోయింది. మళ్ళీ అందరూ ఊపిరి పీల్చుకుంటున్న రోజులు. రెండేళ్ళు తిరిగేసరికి నన్ను ప్రాజెక్టు లీడ్‌ని చేశారు. నా కింద ముగ్గురు. ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ "కోపం తగ్గించుకో మరి" అంది, అంతే.

ఆ ప్రాజెక్టు నాకు ఎవరో ఇచ్చింది కాదు, నేను తెచ్చిందే. తెచ్చింది కూడా జిరాక్సు షాపు దగ్గర నుంచి.

అమీర్‌పేటలో మా హాస్టల్ సందు మొదట్లో ఒక జిరాక్సు షాపుండేది. ఓ శనివారం మధ్యాహ్నం కాగితాలు తీయిస్తూ నిలబడ్డాను. పక్కన యాభై దాటిన మనిషి, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది, షాపతన్ని అడుగుతున్నాడు.

"అన్నా, గీడ సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇచ్చేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"నేర్పిస్తరు. చేసియ్యరు."

"గిన్ని బోర్డులున్నయ్ గదా. ఒక్కలు సుత చెయ్యరా?"

నాకు నవ్వాగలేదు. ఆయన నావైపు తిరిగి, కోపం లేకుండానే అన్నాడు. "నవ్వకమ్మా. పొద్దుగాల్నించి తిరుగుతున్న. ఒక కాడ కూసోబెట్టి గంటసేపు జావా చెప్పిండ్రు. డెమో అంట, ఫ్రీ అంట. నచ్చితే సోమారం నుంచి రమ్మన్నరు."

ఆయనకి సనత్‌నగర్‌లో చిన్న ఫ్యాక్టరీ ఉంది. మెదక్ వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి, ఎవరి దగ్గరో లేత్ మీద పనిచేసి, చివరికి సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. మోటార్లలో వాడే ఇత్తడి బుష్‌లు చేస్తాడు. ఆయన సరుకులో ముప్పాతిక భాగం ఒక్క పెద్ద మోటార్ల కంపెనీయే తీసుకుంటుంది. ఆ కంపెనీ ఇప్పుడొక మెలిక పెట్టింది. వచ్చే ఏప్రిల్ నుంచి ప్రతి పెట్టె మీదా కంప్యూటర్ లేబుల్ ఉండాలి, ఏ పెట్టెలో ఏముందో సరుకు కంటే ముందే వాళ్ళ కంప్యూటర్‌కి చేరాలి. చేరకపోతే ఆర్డర్ ఇంకొకరికి పోతుంది. ఆర్డర్ పోతే షెడ్డు మూసుకోవడమే. ఇదంతా ఆయన జిరాక్సు షాపు ముందు నిలబడే చెప్పాడు. నేను సోమవారం మా ఆఫీసుకి రమ్మన్నాను.

మా డైరెక్టర్ గారిది కాకినాడ. మెత్తటి మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలవరు, ఎవరి మొహం మీదా కాదు అనలేరు. సనత్‌నగర్ ఆయన చెప్పిందంతా విని, "మీకెందుకండీ, ఏప్రిల్ లోపల మా అమ్మాయి చేసిపెడుతుంది" అనేశారు. అలా మొదలైంది. తర్వాత కంపెనీకి ఇంకో మూడు ప్రాజెక్టులు వచ్చాయి. ఒకటి ఇన్సూరెన్సు వాళ్ళది, ఒకటి అమెరికా ఆసుపత్రుల బిల్లులది, ఒకటి లండన్‌లో ఎవరిదో బట్టల షాపింగ్ సైటు. నాలుగింట్లో పాతది నాదే.

వారానికి రెండుసార్లు సనత్‌నగర్ వెళ్ళేదాన్ని. పంజాగుట్ట నుంచి బస్సు, దిగాక నడక. షెడ్డులో లేత్‌ల హోరుకి మాట వినపడదు. ఆయన నాకోసం పాత టేబులొకటి శుభ్రం చేయించి, దానిమీద కొత్త ప్లాస్టిక్ షీటు వేయించాడు. నేను వచ్చానని తెలియగానే టీ వచ్చేది. "మేడం, జర సదువుకున్నోళ్ళు మా దిక్కు రారు. మీరొస్తున్నరు, గదే మస్తు" అనేవాడు. లేబుల్ ప్రింటర్‌లోంచి మొదటి లేబుల్ వచ్చిన రోజు దాన్ని చించి, పెట్టె మీద కాదు, దేవుడి పటం పక్కన అతికించాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అది పనిచేస్తుందని ఆ రోజే నాకు నమ్మకం కుదిరింది. మిగిలింది ఆ కంపెనీ కంప్యూటర్‌కి కలపడం ఒక్కటే. సంక్రాంతి వెళ్ళి ఇంకా వారం కాలేదు, చేతిలో రెండు నెలల పైనే ఉంది.

సరిగ్గా అప్పుడే మా డైరెక్టర్ గారు ఏదో పెద్ద హోటల్లో సెమినార్‌కి వెళ్ళొచ్చారు. కంపెనీకి ఒక లక్ష్యం ఉండాలట, ప్రతి ప్రాజెక్టూ ఆ లక్ష్యానికి ఎంత పనికొస్తుందో చూసి ముందువెనకలు తేల్చాలట. మా లక్ష్యం అప్పటికే గోడ మీదుంది. రెండేళ్ళలో అమెరికాలో ఆఫీసు. మనుషులు చూస్తే రెండు ప్రాజెక్టులకే సరిపోతారు, నడుస్తున్నవి నాలుగు. అన్నీ సగం సగం నడుస్తున్నాయి. ఏదో రెండు ఆపాలి. అంతవరకు న్యాయమే.

లీడ్‌లు నలుగురినీ కూర్చోబెట్టి ఆయన చెప్పారు. "మార్కులు మీరే వేసుకోండి. సొంత ప్రాజెక్టుకి వేసుకోకూడదు. మిగతా మూడింటికీ ఐదేసి మార్కులకి వెయ్యండి. లక్ష్యానికి ఎంత ఉపయోగమో అదొక్కటే చూడండి. ఎక్కువొచ్చిన రెండూ ఉంటాయి." కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఒకవేళ సమానంగా వస్తే, ముందు మొదలైనదానికి ముందు" అన్నారు. ఆ ఆఖరి మాట నేను విన్నాను. పట్టించుకోలేదు.

ఇక్కడ మా నాన్న గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన లెక్కల మాస్టారు. ఆయన బళ్ళోనే చదివిన నన్ను ఎనిమిదో తరగతిలో ఒక్క మార్కు తేడాతో ఫెయిల్ చేశాడు. అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం అన్నం కలుపుకుంటూ "రానిది వేస్తే అది మార్కు కాదు, బిచ్చం" అన్నాడు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని. మార్కులు వెయ్యమంటే నాకు ఒక్కటే తెలుసు, వేయడం.

వేశాను. ఆసుపత్రి బిల్లులకి నాలుగు. లక్ష్యానికి దగ్గరే గానీ అవతలివాళ్ళు వారానికోసారి మాట మారుస్తున్నారు. ఇన్సూరెన్సుకి మూడు. బట్టల సైటుకి రెండు, అదీ ఎక్కువేననిపించింది. నా ప్రాజెక్టుకి నేనే వేయాల్సొస్తే ఎంత వేసేదాన్నో కూడా ఆలోచించాను. లక్ష్యం అమెరికా, నాది సనత్‌నగర్. ఒకటి వేసేదాన్ని. మహా అయితే ఒకటిన్నర. కాబట్టి నాది పోతుందనే అనుకున్నాను. పోతే డైరెక్టర్ గారి కాళ్ళావేళ్ళా పడైనా ఏప్రిల్ దాకా గడువు అడుగుదామనుకున్నాను.

చీటీలు ఇచ్చాం. ఆయన ఒక్కొక్కటే విప్పి బోర్డు మీద రాశారు. మొదటి చీటీలో అన్నిటికీ ఐదు. రెండోదాంట్లో ఐదు, ఐదు, ఐదు. మూడోదీ అంతే. నాలుగోది నాది. విప్పారు. రాయాలా వద్దా అన్నట్టు మార్కర్ గాల్లోనే ఆగింది. రాశారు. నాలుగు, మూడు, రెండు.

కూడితే నా ప్రాజెక్టుకి పూర్తి మార్కులు. మిగతా మూడింటికీ నా వల్ల తగ్గాయి.

బట్టల సైటు చూసేవాడు భీమవరం మనిషి, నాతో ఎప్పుడూ సరదాగా ఉండేవాడు. అతను నవ్వుతూనే అన్నాడు. "ఏంటండీ ఇది? మేమందరం మీకు ఐదేశాం, మీరు మాకు కత్తెరేశారు. మేమింత ఆలోచించలేదండీ." ఇన్సూరెన్సు ఆవిడ నావైపు చూడనే లేదు.

నేను లెక్క వేసుకుని చేయలేదని చెప్పాను. గట్టిగానే చెప్పాను, నా గొంతే అంత. నిజంగా ఎంత ఉపయోగమో చూసి వేశానన్నాను. దాంతో ఇంకా పాడైంది. ఎత్తు వేశానని అనుకున్నప్పుడు వాళ్ళకి కాస్త కోపమే వచ్చింది. వాళ్ళ పని నిజంగానే రెండు మార్కులదని నేను అనుకుంటున్నట్టు తెలిశాక అవమానమైంది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు పెద్దలు. డైరెక్టర్ గారు లేచి డస్టర్‌తో బోర్డు తుడిచేశారు. "ఈ మార్కులు వద్దులెండి. అందరి మనసులూ పాడవుతున్నాయి" అన్నారు.

మర్నాడు ఆయనే నిర్ణయం చెప్పారు. ఆసుపత్రి బిల్లులూ బట్టల సైటూ ఉంటాయి, రెండూ బయటిదేశాలవి కదా. నాదీ ఇన్సూరెన్సుదీ ఆపేస్తున్నారు. నన్ను ఆసుపత్రి బిల్లుల్లోకి మార్చారు.

ఆ బిల్లుల లీడ్ వరంగల్ వైపు మనిషి. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన టిఫిన్ డబ్బాలో సగం నాదే. ఆ సాయంత్రం మెట్ల మీద ఆపాడు.

"నువ్వు గింత అమాయకురాలివా చెల్లె? సమానం వస్తే పాతదే ముందు అని సార్ ఎందుకు చెప్పిండు? ఎవ్వరం ఎవ్వరికీ తక్కువ ఎయ్యమని సార్‌కు తెల్వదా? అందరికీ అయిదులే వస్తయ్. అప్పుడు పాతది ఏది? నీదే గదా."

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు.

"సనత్‌నగర్ ఆయనకు సార్ మాట ఇచ్చిండు. దాన్ని ఉంచుతనని మాతోని చెప్పలేడు, మొహమాటం. గందుకే గిట్ల సుట్టు తిప్పిండు. మా అందరికీ సమజైంది. నీకే కాలే." ఆయన తల గోక్కున్నాడు. "ఊరందరిదీ ఒక తొవ్వ, ఉలిపికట్టెదొక తొవ్వ."

మొహమాటానికి పోతే ఏదో అయిందని ఒక మోటు సామెత ఉంది, దాన్ని నేను పూర్తిగా రాయను. ఆ సామెత ఎప్పుడూ పోయినవాళ్ళ గురించే చెప్తుంది. పోనివాళ్ళకి ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. మెట్ల మీద కూర్చుండిపోయాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మనసులో ఉన్నది నోటితో చెప్పడానికి ఏం రోగం ఈ మనుషులకి? "ఈ ప్రాజెక్టు ఏప్రిల్ దాకా ఉంచుదాం, ఆయనకి మాటిచ్చాను" అని డైరెక్టర్ గారు ఒక్క వాక్యం అనుంటే ఎవరు కాదనేవాళ్ళు? అందరూ ఒప్పుకునేవాళ్ళే. అందరూ అంత మంచివాళ్ళు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాను. ఆదివారాలు నేనే చేసుకుంటానన్నాను, కంప్యూటర్ ఒక్కటి చాలన్నాను. ఆయన కుర్చీ చూపించారు.

"ఉంచుదామనే చూశానమ్మా. ఇప్పుడు మీ ఒక్కరికే ఒప్పుకుంటే, మీరు ఎత్తు వేశారు, నేను ఒప్పుకున్నానని అవుతుంది. ఇన్సూరెన్సు ఆవిడా, బట్టల సైటు ఆయనా రేపు మానేస్తారు. మీరే చెప్పండి, ఏం చెయ్యను?" అన్నారు. ఆయన గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని.

సనత్‌నగర్ ఆయనకి ఫోన్‌లో చెప్పేయమన్నారు. నేను వెళ్ళే చెప్పాను. ఆపేశారని మాత్రం చెప్పాను, ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. ఆయన లేత్‌లు ఆపించి మళ్ళీ అడిగాడు, సరిగ్గా వినపడలేదేమోనని. రెండోసారి చెప్పాక "ఎవరినన్న వేరేటోళ్ళను చూస్త తియ్యండి మేడం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. టీ తాగే వెళ్ళమన్నాడు. తాగాను. బస్సు ఎక్కాక ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఆసుపత్రి బిల్లుల్లో పడి కొట్టుకుపోయాం. సనత్‌నగర్ ఆయన ఆ పని బేగంపేటలో ఎవరికో ఇచ్చాడని తెలిసింది. వాళ్ళు మొదటి నుంచి మొదలుపెట్టారు, ఏప్రిల్‌కి అందలేదు. మోటార్ల కంపెనీ మే నెల దాకా చూసి ఆర్డర్ ఆపేసింది. ఈ సంగతి నాకు అన్న చెప్పాడు, అన్నకి ఎవరు చెప్పారో అడగలేదు. సనత్‌నగర్ వెళ్ళాలని ప్రతి శనివారం అనుకునేదాన్ని. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

వానాకాలం వచ్చాక ఒక సాయంత్రం అమీర్‌పేటలో వాన పట్టుకుంది. ఇరానీ హోటల్లోకి దూరాను. మూల టేబుల్ దగ్గర ఆయన కూర్చునున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది.

"కూసోండి మేడం. మిషన్లు కొంటనన్నోడు గీడికి రమ్మన్నడు. ఇంక రాలే."

"అన్నీ అమ్మేస్తున్నారా?"

"రెండు ఉంచుకున్న. ఊకె ఉంటే పొద్దు పోదు గదా." పనివాళ్ళలో కొందరు జీడిమెట్ల వెళ్ళిపోయారట, షెడ్డు సగం ప్లాస్టిక్ డబ్బాలు చేసేవాళ్ళకి అద్దెకిచ్చాడట. ఇవన్నీ ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు. నాకూ ఒక టీ, ఉస్మానియా బిస్కెట్లూ చెప్పాడు.

అప్పుడు ఆగలేకపోయాను. అన్నాళ్ళు లోపల పెట్టుకున్నది మొత్తం చెప్పేశాను. లక్ష్యం, నాలుగు ప్రాజెక్టులు, చీటీలు, అందరూ అందరికీ ఐదేయడం, నేను ఉన్నదున్నట్టు వేయడం, నన్ను మోసగత్తెను చేయడం. చెప్తుంటే నాకు మళ్ళీ ఆవేశం వచ్చింది. "చూడండి, ఒక్కరంటే ఒక్కరు నిజం వేయలేదు. వేసింది నేనొక్కదాన్ని. నిజం వేసినందుకు నన్ను దొంగని చేశారు" అన్నాను. పక్క టేబుల్ వాళ్ళు నావైపు చూశారు. ఆయన నా పక్షాన ఒక మాట అంటాడని ఎదురుచూశాను. ఎవరో ఒకరు అనాలి కదా. ఆయన కంటే ఎక్కువ అర్హత ఉన్నవాళ్ళెవరు?

ఆయన సాసర్‌లో టీ పోసుకున్నాడు.

"ఒక్క మాట అడుగుత మేడం, ఏమనుకోవద్దు. మీరు సుత అందరికీ అయిదు ఏసుంటే, మన పని నడుస్తుండెనా?"

"నడిచేది."

"ఏప్రిల్ వరకు అయిపోతుండెనా?"

"ఫిబ్రవరిలోనే అయిపోయేది."

ఆయన తల ఊపాడు. సాసర్ కింద పెట్టాడు, తాగలేదు. బయట వాన తగ్గలేదు, ఆయన ఎదురుచూస్తున్న మనిషీ రాలేదు. గొంతు కొంచెం కూడా పెంచకుండా అన్నాడు.

"ఏస్తే అయిపోతుండె గదా మేడం. మీకేం పోతుండె?"

నాకేం పోయేది? ఏమీ పోయేది కాదు. ఆయనకి ఆ మాటే చెప్పాను.